కడలికి ఒడ్డునే కాపలా

తాబేలు గుడ్లను కుక్కల బారి నుంచి తప్పిస్తారు. ఎండిపోయిన మడ భూముల్లోకి పోటు నీటిని మళ్లిస్తారు. వలలో చిక్కిన తిమింగల సొరను బతికుండగానే సముద్రానికి అప్పగిస్తారు. సెలవు రోజున పిల్లల్ని రాళ్ల గుట్టల మీదికి తీసుకెళ్లి నీటి గుంటలో దాగిన ప్రపంచాన్ని చూపిస్తారు. వీళ్లలో ఎక్కువ మంది పేర్లు మనకు తెలియవు. మన తీరం ఇంకా ప్రాణంతో ఉందంటే అందులో వాళ్ల రెక్కల కష్టం చాలా ఉంది.

జనవరి నుంచి మార్చి దాకా శ్రీకాకుళం తీరంలో అర్ధరాత్రి దాటాక ఒడ్డు వెంట నడిచే మనుషులు కనిపిస్తారు. వేటకు బయల్దేరినవాళ్లు కారు. భుజాన సంచి, చేతిలో సన్నటి కర్ర. టార్చి ఉన్నా అవసరమైతే తప్ప వెలిగించరు. వెలుగు పడితే ఒడ్డెక్కబోయే తాబేలు బెదిరి వెనక్కి తిరుగుతుంది. వాళ్ల చూపంతా ఇసుక మీదే. నీటి అంచు నుంచి పైకి, రెండున్నర అడుగుల వెడల్పున ఏదో ఈడ్చుకెళ్లిన జాడ కనిపిస్తే అక్కడ ఆగుతారు. అది ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చిన దారి.

తల్లి తాబేలు 35 నుంచి 45 కిలోల బరువు ఉంటుంది. నీటిలో చులాగ్గా ఈదే ఆ ప్రాణికి ఇసుక మీద ప్రతి కదలికా యాతనే. అలలు అందని ఎత్తు చూసుకుని, వెనక రెక్కలతో ఇసుక తోడి, అడుగున్నర లోతున గుంట తీస్తుంది. అందులో నూరు నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. తర్వాత గుంట పూడ్చి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ అడుగు చిప్పతో ఇసుకను దిమ్మిస కొట్టి మరీ గట్టిపరుస్తుంది. ఆ సమయంలో దాని కళ్ల వెంట నీళ్లు కారుతుంటాయి. ఒంట్లో చేరిన అదనపు ఉప్పును గ్రంథులు అలా బయటికి పంపేస్తాయి. ఇదంతా గంటలోపే ముగుస్తుంది. తల్లి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లలు ఏమయ్యాయో చూడ్డానికి తిరిగి రాదు.

ఆ తర్వాత గుడ్ల బాధ్యత ఒడ్డున నడిచే ఆ మనుషులది.

గుడ్డు నుంచి కెరటం దాకా

కర్రను మెల్లగా గుచ్చుతూ ఇసుక ఎక్కడ వదులుగా ఉందో చూస్తారు. అక్కడ చేత్తోనే తవ్వుతారు. గుడ్లు పింగ్‌పాంగ్ బంతులంత ఉంటాయి, పెంకు మెత్తగా తోలులా తగులుతుంది. వాటిని తీయడానికి ఒక కచ్చితమైన నియమం ఉంది. పెట్టిన కొద్ది గంటల్లోపే తీయాలి, దొర్లించకూడదు. సమయం గడిచేకొద్దీ లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డు తిరగబడితే ప్రాణం పోతుంది. అందుకే ఇది తెల్లారాక తీరిగ్గా చేసుకునే పని కాదు.

తెచ్చిన గుడ్లను ఒడ్డునే కంచె కట్టిన హేచరీలో, తల్లి తీసిన గుంటంత లోతులోనే మళ్లీ పూడ్చిపెడతారు. ఒక్కో గుంట దగ్గర ఒక్కో పుల్ల పాతి, దొరికిన తేదీ, గుడ్ల లెక్క రాసి కడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఈలోగా ఎండ ముదిరితే పైన నీడ కట్టాలి. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడే. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి, అంతకు మించితే ఆడవే ఎక్కువ. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో హేచరీ మీద వేసే తాటాకు పందిరికి కూడా ఆ జాతి భవిష్యత్తులో పాత్ర ఉంది.

పిల్లలు సాధారణంగా ఇసుక చల్లబడిన వేళ, రాత్రిపూట పైకొస్తాయి. వాటిని నీటిలో నేరుగా వదలరు. కెరటానికి కొంచెం దూరంలో ఇసుక మీద దింపుతారు. వెలుతురుగా కనిపించే దిక్కు సముద్రమని వాటికి పుట్టుకతో తెలుసు. లక్షల ఏళ్లుగా ఆ తెలివి వాటిని కాపాడింది. ఇప్పుడు అదే వాటి ప్రాణం తీస్తోంది. రిసార్టు దీపాలు, రోడ్డు పక్క లైట్లు సముద్రం కంటే ఎక్కువగా మెరిస్తే పిల్లలు అటు వెళ్తాయి. తెల్లారేసరికి కాకులకో, కుక్కలకో, ఎండకో బలైపోతాయి.

వెయ్యి పిల్లలు సముద్రం చేరితే పెద్దయ్యేది ఒకటేనని చెబుతారు. ఆ ఒక్కటీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. కాబట్టి ఒడ్డెక్కిన ప్రతి తల్లీ విలువైనదే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. సముద్ర తాబేళ్లు అందులో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. చంపినా, గుడ్లు అమ్మినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. చట్టం గట్టిదే. కానీ ఆంధ్రప్రదేశ్ తీరం తాజా కొలతల ప్రకారం 1,053 కిలోమీటర్లు. ప్రతి కిలోమీటరుకూ రాత్రంతా ఒక గార్డును నిలబెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. తీరంలోని పల్లెల యువకులే ఆ పనికి పూనుకోవాల్సి వచ్చింది.

మద్రాసులో మొదలైన నడక

ఈ రాత్రి నడకలకు మన తూర్పు తీరంలో యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1970ల మొదట్లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్, మద్రాస్ స్నేక్ పార్కులోని ఆయన మిత్రులు మద్రాసు ఒడ్డున తాబేళ్ల కోసం రాత్రిళ్లు నడిచేవారు. వాళ్లలో ఒకడైన సతీశ్ భాస్కర్ ఆ తర్వాత దేశంలోని తీరాల్లో చాలా భాగం కాలినడకన తిరిగి, ఏ ఒడ్డున ఏ తాబేలు గుడ్లు పెడుతుందో రాసి పెట్టాడు. భారతదేశంలో సముద్ర తాబేళ్ల గురించి మనకు తెలిసిన దానికి ఆ నడకే పునాది.

ఆ తర్వాత విద్యార్థులు అందుకున్నారు. 1988లో ‘స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్’ పుట్టింది. కార్యాలయం లేదు, జీతాలు లేవు. నీలాంకరై, బెసెంట్ నగర్ మధ్య ఏటా సీజనంతా రాత్రిళ్లు నడిచి గుడ్లు సేకరించి హేచరీకి చేర్చడమే పని. వారాంతాల్లో ఆసక్తి ఉన్న నగరవాసుల్ని కూడా వెంట తీసుకెళ్తారు. ముందు తాబేలు గురించి పాఠం, తర్వాత కిలోమీటర్ల కొద్దీ నడక. తాబేలు కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. అయినా వచ్చినవాళ్లు తమ ఊరికి ఒక సముద్రం ఉందని ఆ రాత్రి తెలుసుకుని వెళ్తారు. మూడు దశాబ్దాలకు పైగా ఒక తరం విద్యార్థులు వెళ్లిపోతే మరో తరం వచ్చి అందుకుంటూనే ఉంది.

మన దగ్గర విశాఖలోని వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ తాబేళ్ల పనిని చాలా ముందే భుజానికెత్తుకుంది. చెన్నై కేంద్రంగా 2002లో సుప్రజ ధారిణి ప్రారంభించిన ‘ట్రీ ఫౌండేషన్’ తమిళనాడు దాటి ఆంధ్ర తీరానికీ విస్తరించింది. అటవీ శాఖతో కలిసి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మత్స్యకార పల్లెల్లో యువకులను తాబేళ్ల కాపలాదారులుగా తయారుచేసింది. విశాఖలో జోడుగుళ్లపాలెం, అనకాపల్లి జిల్లాలో ముత్యాలమ్మపాలెం లాంటి చోట్ల సీజనులో హేచరీలు వెలుస్తాయి.

గుడ్లు ఎక్కడ దొరుకుతాయో అందరికంటే బాగా తెలిసింది ఒకప్పుడు వాటిని తవ్వి తెచ్చుకున్న కుటుంబాలకే. ఆ కుటుంబాల పిల్లలే ఇవాళ కాపలా కాస్తున్నారు. దీని వెనక పెద్ద మంత్రమేమీ లేదు. మనిషికి మర్యాద ఇచ్చి, పని నేర్పి, ఒంటికో యూనిఫాం తొడిగి, ఈ ఒడ్డు నీదే అన్నారు. దానికి తోడు కూర్మావతార క్షేత్రం శ్రీకూర్మం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో తాబేలు అంటే విష్ణువు. వలలో పడ్డ తాబేలుకు దండం పెట్టి వదిలే పెద్దలు మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నారు. సంరక్షణ సంఘాలు ఆ భక్తికి శాస్త్రాన్ని జోడించాయి.

రుషికుల్య ఒడ్డున మనవాళ్లు

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే గంజాం జిల్లా. రుషికుల్య నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకేసారి లక్షల తాబేళ్లు ఒడ్డెక్కే చోట్లు ప్రపంచంలో చాలా కొద్ది. వాటిలో రుషికుల్య ఒకటి. శాస్త్రలోకానికి ఈ సంగతి తెలిసింది 1994లోనే. 2025 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి.

ఆ సంఖ్య వెనక పురుణాబంధ, గోఖర్‌కుద లాంటి పల్లెల మనుషులున్నారు. అక్కడి యువకులు రుషికుల్య సముద్ర తాబేళ్ల సంరక్షణ సమితిగా ఏర్పడి కాపలా మొదలుపెట్టారు. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే రాత్రుల్లో, దీపాలు చూసి ఊళ్ల వైపు దారి తప్పిన వాటిని బకెట్లలో ఏరి సముద్రానికి చేర్చారు. కుక్కల్ని తోలారు. విద్యుత్ దీపాలు ఆర్పించారు. పిల్లలు పుట్టే సీజను ఆ పల్లెలకు ఇప్పుడు పండగే.

గంజాం తీరంలోని మత్స్యకారుల్లో చాలా మంది తెలుగువాళ్లు. తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు. ఇంట్లో మాట తెలుగే, బడిలో చదువు ఒడియా. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డునే వాళ్ల పొడంపేట ఉండేది. సముద్రం కోసుకుంటూ వచ్చి ఇళ్లు మింగేయడంతో ఆ ఊరు వేరే చోటికి తరలిపోవాల్సి వచ్చింది. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఏడు నెలలు రుషికుల్య ముఖద్వారం చుట్టూ వేట నిషేధం. ప్రపంచమంతా మెచ్చుకునే ఆ దృశ్యానికి మూల్యం చెల్లిస్తున్నది ఈ చిన్న పడవలవాళ్లు. ప్రభుత్వం ఇచ్చే భృతి ఏడు నెలల వేటకు సాటి రాదు. తాబేలును కాపాడిన ఘనత గురించి రాసే ప్రతిచోటా ఈ సంగతి కూడా రాయాలి.

అసలు గండం వల

హేచరీలో ఎన్ని పిల్లల్ని బతికించినా సముద్రంలో తల్లులు చచ్చిపోతుంటే ఆ శ్రమంతా వృథా. ఏటా సీజనులో మన ఒడ్లకు కొట్టుకొచ్చే తాబేళ్ల కళేబరాలు చెబుతున్నది ఇదే. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరంలో వందల తాబేళ్లు చచ్చి ఒడ్డుకు చేరాయి. విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

తాబేలుకు ఊపిరితిత్తులుంటాయి. గాలి కోసం పైకి రావాల్సిందే. మరబోటు లాగే ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేదు, మునిగి చచ్చిపోతుంది. దీనికి ఉపాయం కొత్తదేమీ కాదు. వల గొంతు దగ్గర ఇనుప కడ్డీల చట్రం ఒకటి బిగిస్తారు. రొయ్యలు, చేపలు కడ్డీల సందుల్లోంచి లోపలికి వెళ్లిపోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పైనున్న తలుపులాంటి కంతలోంచి బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు ఒక నమూనా కూడా తయారుచేసింది. కంతలోంచి చేప పోతుందని సరంగుల భయం. సముద్రంలో పట్టిన మన రొయ్యను అమెరికా కొనడం మానేయడానికి కారణం టెడ్ లేకపోవడమే. అంటే తాబేలును వదిలేయకపోవడం వల్ల పోయిన సొమ్ము, వదిలేస్తే పోయే చేప విలువ కంటే చాలా ఎక్కువ. ఈ లెక్కను రేవుల్లో బోటు యజమానులకు, సరంగులకు, కలాసీలకు కూర్చోబెట్టి చెప్పాలి. సంఘాలు చెబుతున్నాయి కూడా. కానీ చెప్పడంతో సరిపోదు. టెడ్ బిగించిన వలే రేవు దాటాలి. చూసే అధికారి అక్కడ ఉండాలి.

మరో నియమమూ ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు. ఆ నీళ్లు తెప్పలకు, చిన్న నావలకు. తాబేళ్లు ఎక్కువగా తిరిగేది కూడా అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామం తూర్పు తీరమంతా అమలవుతుంది. కానీ తాబేళ్లు వచ్చేది అంతకు ముందు. అందుకే ఆ 8 కిలోమీటర్ల గీతను గట్టిగా కాపాడితే రెండు మేళ్లు జరుగుతాయి. తాబేలు బతుకుతుంది, తెప్ప మీద వెళ్లే పేదవాడి చేపా బతుకుతుంది. తాబేలుకు, చిన్న మత్స్యకారుడికి ఇక్కడ ప్రయోజనం ఒకటే. వాళ్లిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టే వాదనను నమ్మకూడదు.

మడకు ప్రాణం పోసిన కాల్వలు

కాకినాడ దగ్గర గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవి. 1978లో అభయారణ్యమైంది. 235 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. రొయ్య, పీత, చేప పిల్లలు ఆ వేళ్ల నడుమే పెరుగుతాయి. నీటిపిల్లి తిరిగేదీ అక్కడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి విన్న జనానికి సముద్రానికీ ఊరికీ మధ్య ఒక అడవి ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

వంటచెరకు కోసం, ఇళ్ల కోసం, తర్వాత రొయ్యల చెరువుల కోసం మడ పోయింది. నరికిన చోట మళ్లీ మొక్క నాటితే బతకలేదు. కారణం నేలలోనే ఉంది. చెట్టు నీడ పోయాక బురద ఎండి కుంగిపోతుంది. పోటుకు వచ్చిన నీరు ఆ పల్లంలో నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు మిగులుతుంది. ఏడాదికేడాది ఉప్పు పెరిగి మొలకను చంపేస్తుంది.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల చివర గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఊరి జనంతో, అటవీ శాఖతో కలిసి దీనికి మందు చూపించింది. మధ్యలో ఒక పెద్ద కాల్వ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాల్వలు. చేప ముల్లు ఆకారమన్నమాట. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు వెనక్కి పోతుంది. ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మడ నాటితే నిలబడుతుంది. ఈ కాల్వలు తవ్వింది, పూడిక తీసింది, మొక్కలు నాటింది, పశువులు పడకుండా కాపు కాసింది చుట్టుపక్కల పల్లెలవాళ్లే. ఎక్కడ నీరు నిలుస్తుందో, ఏ కాల్వ ఎటు తిరగాలో వాళ్లకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. ఇవాళ కోరింగలో చెక్క బాట మీద నడిచే పర్యాటకులు చూస్తున్న పచ్చదనంలో పల్లె మనిషి చెమట ఉంది. పర్యాటకం తెచ్చే రాబడిలో ఆ పల్లెలకు వాటా దక్కాలి, అది దయగా కాక హక్కుగా దక్కాలి.

రాళ్ల గుంటల్లో బడి

కాపలా ఒక చేయి అయితే చదువు రెండో చేయి. ఆ రెండో పనిని విశాఖ బాగా చేస్తోంది. ఆ నగరానికి ఇసుక ఒడ్డే కాదు, రాళ్ల ఒడ్డు కూడా ఉంది. పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం పరిసరాల్లో రాళ్ల మధ్య గుంటలు బయటపడతాయి. చూసీ చూడనట్టు నడిచేవారికి అవి నీళ్లు నిలిచిన బొరియలు. వంగి కాసేపు కదలకుండా చూస్తే అదో లోకం. రాతికి అతుక్కున్న సముద్ర పుష్పం తన వేళ్లను విప్పుతుంది. నత్త గుల్ల ఒకటి నడుస్తుంది. తీరా చూస్తే లోపల ఉన్నది సన్యాసి పీత. రంగురంగుల గుల్లలేని సముద్రపు నత్తలు, ముళ్ల బంతులు, గులకరాయి రంగులో కలిసిపోయే చిన్న చేపలు.

‘ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్’ అనే యువ బృందం ఈ గుంటల దగ్గరికి పిల్లల్ని, పెద్దల్ని తీసుకెళ్తోంది. ముంబయిలో 2017లో మొదలైన ‘మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై’ కూడా ఇదే పని చేస్తోంది. ఇలాంటి నడకల్లో నియమాలు తేలికైనవే. జీవుల్ని చేత్తో ముట్టుకోవద్దు, గుల్ల ఏరుకోవద్దు, ఎత్తిన రాయిని ఉన్నచోటే ఉన్నట్టే పెట్టాలి. కనిపించిన జీవికి ఫొటో తీసి, తేదీ, చోటు రాసి పెట్టాలి. అలా పోగైన ఫొటోలే రేపు ఈ తీరంలో ఏముండేదో చెప్పే సాక్ష్యాలు.

ఈ చదువు అవసరమేంటో చెప్పడానికి ఒక్క విషయం చాలు. విశాఖలో పుట్టి పెరిగిన పిల్లలకు పాఠ్యపుస్తకంలో ధ్రువపు ఎలుగుబంటి తెలుసు. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో రాయి కింద ఉన్న జీవి పేరు తెలియదు. పేరు తెలియని దాని కోసం ఎవరూ పోరాడరు. రేపు ఆ రాళ్ల మీద కాంక్రీటు పోస్తామంటే వద్దు అనాల్సింది ఈ పిల్లలే.

నీటి అడుగున మరో సైన్యం ఉంది. రుషికొండ వైపు స్కూబా డైవర్లు దిగి, పర్యాటకులు పారేసిన సీసాలు, కవర్లు, తెగిపోయి రాళ్లకు చుట్టుకున్న వలలను పైకి తెస్తున్నారు. తెగిన నైలాన్ వల నీటిలో కుళ్లదు. ఎవరూ లాగకపోయినా చేపల్ని, తాబేళ్లని చంపుతూనే ఉంటుంది.

సొరచేప ఆడపడుచైన వేళ

సంఘాలు మనసులు మార్చగలవా అన్న అనుమానం ఉన్నవాళ్లు గుజరాత్ తిమింగల సొర కథ తెలుసుకోవాలి. ప్రపంచంలో అతి పెద్ద చేప అది. మనిషికి హాని చేయదు. సౌరాష్ట్ర తీరంలో దాని కాలేయపు నూనె కోసం, మాంసం ఎగుమతి కోసం వందల సంఖ్యలో చంపేవారు. మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ ఆ మారణకాండను లోకానికి చూపించింది. 2001లో ఆ సొర చట్ట రక్షణ పొందింది. దేశంలో ఆ రక్షణ దక్కిన మొదటి చేప అదే.

చట్టం వచ్చిందని వేట ఆగలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథా ప్రవచనకారుడు మొరారి బాపు దానికి ముఖం అయ్యారు. పురుటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్ల ఈ సొర, పుట్టింటివాళ్లు చంపుతారా అని ఆయన అడిగారు. అది మత్స్యకారుల గుండెకు తగిలింది. అయితే అక్కడితో వదిలేయలేదు. సొరను వదలడానికి కోసుకున్న వలకు పరిహారం ఇచ్చారు. మాటా, డబ్బూ రెండూ కలిసినందువల్లే పని జరిగింది. నాటి నుంచి మత్స్యకారులు వలలు కోసి వందల సొరలను సముద్రంలోకి వదిలారు.

ఆ నేర్పు మన ఒడ్డుకూ వచ్చింది. 2021 డిసెంబరులో అచ్యుతాపురం దగ్గర తంతడి తీరంలో ఒక తిమింగల సొర మత్స్యకారుల వలలో చిక్కి ఒడ్డుకు చేరింది. కబురు అటవీ శాఖకు వెళ్లింది. నిపుణులు ఫోనులో సలహాలిస్తుంటే, మత్స్యకారులు, సిబ్బంది కలిసి దాన్ని లోతు నీటిలోకి నెట్టారు. అది ఈదుకుంటూ వెళ్లిపోయింది. దాని ఒంటి మీది చుక్కల ఫొటోలు భద్రపరిచారు. ఏ రెండు సొరలకూ ఒకే రకం చుక్కలు ఉండవు కాబట్టి, మళ్లీ ఎక్కడ కనిపించినా గుర్తుపట్టవచ్చు.

కాపలాకు కూలి ఏది?

ఇన్ని మంచి మాటల తర్వాత చేదు మాట కూడా చెప్పుకోవాలి. తాబేళ్ల కాపలాదారుకు పని ఉండేది ఏడాదిలో కొద్ది నెలలే. కూలి కూడా అప్పుడే. మిగతా కాలం వేటకో, వలసకో వెళ్లాలి. నేర్చుకున్న నైపుణ్యం ఒడ్డున నిలవదు. ప్రాజెక్టు నిధులు ఆగితే కాపలా ఆగుతుంది.

దీనికి దారి చూపిన ఊళ్లున్నాయి. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా వేళాస్‌లో సహ్యాద్రి నిసర్గ మిత్ర అనే సంస్థ 2002లో తాబేళ్ల పని మొదలుపెట్టింది. 2006 నుంచి అక్కడ తాబేళ్ల ఉత్సవం జరుగుతోంది. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లడం చూడ్డానికి వచ్చేవాళ్లు ఊళ్లోని ఇళ్లలోనే బస చేస్తారు, ఆ ఇంటి భోజనమే తింటారు. డబ్బు ఊరికే చేరుతుంది. మన భీమిలి నుంచి సూర్యలంక దాకా అలాంటి పల్లెలు ఎన్నో ఉన్నాయి. పెద్ద హోటళ్లకు ఇచ్చే శ్రద్ధలో కొంత వాటికి ఇస్తే చాలు.

ఇంకో ప్రమాదం ఒడ్డే లేకుండా పోవడం. మన రాష్ట్ర తీరంలో నాలుగో వంతుకు పైగా కోతకు గురవుతోందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క. సముద్రం ఇళ్లను మింగుతున్న ఉప్పాడ కథ అందరికీ తెలిసిందే. రాళ్ల గోడ కట్టిన చోట ఇసుక నిలవదు. ఇసుక లేనిచోట తాబేలు గుడ్డు పెట్టదు, తెప్ప లాగడానికి జాగా ఉండదు, వల ఆరబెట్టడానికి చోటుండదు. తీరంలో కట్టే ప్రతి కట్టడానికీ ముందు ఆ ఊరి మత్స్యకారుల సభ జరగాలి. అందులో తాబేళ్ల కాపలాదారుకూ ఒక కుర్చీ ఉండాలి.

మన వంతు

తీరానికి వెళ్లే ప్రతి ఒక్కరూ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

జనవరి నుంచి మే దాకా రాత్రిపూట ఒడ్డున టార్చి, ఫోను వెలుగు, ఫ్లాష్ వాడకండి. సముద్రం వైపు ఇల్లు గానీ హోటలు గానీ ఉంటే ఆ వైపు దీపాలను తగ్గించండి, కిందికి వంచండి.

తాబేలు గుడ్లు పెడుతూ కనిపిస్తే దూరంగా, కదలకుండా నిలబడండి. తాబేలు పిల్లల్ని చేతుల్లోకి తీసుకుని ఫొటోలు దిగకండి. దగ్గరి అటవీ శాఖ సిబ్బందికి గానీ, హేచరీలో ఉన్నవాళ్లకు గానీ కబురు చేయండి.

ఇసుక మీదికి బండి తోలకండి. కింద గూడు ఉండవచ్చు. తిన్నవాటి కవర్లు, సీసాలు వెనక్కి తెచ్చుకోండి. మిగిలిన తిండి ఒడ్డున పారేస్తే కుక్కలు పెరుగుతాయి, వాటికి తర్వాతి భోజనం తాబేలు గుడ్లే.

ఉపాధ్యాయులైతే ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని పాటు సమయంలో రాళ్ల ఒడ్డుకు గానీ, మడ అడవికి గానీ తీసుకెళ్లండి. పాఠం చెప్పడానికి ఆ ఊరి మత్స్యకారుణ్ణే పిలవండి, చెప్పినందుకు గౌరవంగా పారితోషికం ఇవ్వండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. కాపలాదారుకు ఏడాది పొడవునా వేతనం. ప్రతి ట్రాల్ వలకూ టెడ్. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల గీతకు నిజమైన పహరా. ఇవి కొత్త కోరికలేమీ కావు. చివరి రెండూ ఇప్పటికే రాసుకున్న నియమాలే, మొదటిది మనం ఇప్పటికే పడ్డ బాకీ. వచ్చే జనవరిలో తాబేళ్లు మళ్లీ వస్తాయి. అంతకు ముందే మీ ఎమ్మెల్యేకు, మీ జిల్లా కలెక్టరుకు ఈ మూడు మాటలూ ఒక ఉత్తరంలో రాసి పంపండి.